మొదటి గ్లాసు

ఆఫీసులో ఆయన్ని అరవై అనేవాళ్లు. వయసుని బట్టి కాదు, వయసు ఇంకా యాభై ఏడే. పాలైనా నూనైనా బీరైనా, కుళాయి ఉన్న ప్రతిచోటా ఆయన ముందు కుళాయి తిప్పి, ఒకటి నుంచి అరవై దాకా పైకే లెక్కపెట్టి, ఆ తర్వాతే నమూనా సీసా ధార కింద పెట్టేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆహార తనిఖీ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. ఆయన పట్టిన నమూనా మీద ఎవరూ ఏనాడూ వేలెత్తి చూపలేదు. ఆ సంగతి తెలియనివాళ్లు ఎదురైతే ఆయనే తెలియజేసేవాడు.

భార్య పోయి నాలుగేళ్లు. అప్పట్నుంచీ ఆయన మాటలు ఇంకా పొట్టివయ్యాయి. పొద్దున ఒకసారి వండుకుని రెండు పూటలా అదే తినేవాడు. చుట్టాలు రావడం మానేశారు. రమ్మని ఆయనా అనలేదు.

అందుకే బుధవారం సాయంత్రం బావమరిది భార్య గుమ్మంలో నిలబడేసరికి ఆయన తలుపు సగమే తీశాడు. ఆమె చంకలో మడత పెట్టిన కోటు ఉంది.

"లోపలికి రమ్మంటారా అన్నయ్యా, ఇక్కణ్ణుంచే చెప్పి పొమ్మంటారా?"

"ఇక్కడే చెప్పు. లోపల కుర్చీ మీద బట్టలున్నాయి."

ఆమె కోటు విప్పి రెండు భుజాలూ పట్టుకుని చూపించింది. మంచి నల్ల గుడ్డ. ఎడమ చెయ్యి సరిగ్గానే ఉంది. కుడి చెయ్యి నాలుగు వేళ్ల మేర పొట్టిగా, అంచు పాకినట్టు వంకరగా ఉంది.

"మార్కెట్ అధ్యక్షుడిది," అంది. "మీ బావమరిది కుట్టాడు. కుడి చెయ్యి పొట్టయింది."

"కోటుదా, అధ్యక్షుడిదా?"

"మీకు నవ్వులాటగా ఉందా?"

"నేను నవ్వడం నువ్వెప్పుడైనా చూశావా?"

ఆమె చూడలేదు. కోటు మళ్లీ మడిచింది. ఆమె మొగుడు దర్జీ. మార్కెట్లో మూడో వరసలో ఆయన కొట్టు. పంతొమ్మిదేళ్లుగా ఆ కొట్టే వాళ్ల తిండీ బట్టా. ఆర్నెల్ల నుంచి కుడి మణికట్టు వాలిపోతోంది. చెయ్యి చాస్తే పంజా తడిగుడ్డలా కిందికి వేలాడుతోంది. కత్తెర జారుతోంది. కడుపులో మెలిపెట్టే నొప్పి. మొహం పాలిపోయింది. మార్కెట్లో అందరూ ఒకే మాట అన్నారు: తాగుడు. మొన్న కోటు చూశాక అధ్యక్షుడు కొట్టు తలుపు మీద కాగితం అంటించాడు. తాగి పనిచేసేవాడికి మార్కెట్లో చోటు లేదు, సోమవారం పదకొండింటికి కమిటీ కూర్చుని కొట్టు వెనక్కి తీసుకుంటుంది, అని.

"తాగుతాడుగా," అన్నాడు అరవై.

"ఒక్క గ్లాసు బీరు. పదకొండింటికి షాపు తలుపు తియ్యగానే వెళ్తాడు, తాగుతాడు, వచ్చి మిషన్ మీద కూర్చుంటాడు. రెండోది ముట్టడు. ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా కదా."

పదకొండింటి గ్లాసు గురించి అరవైకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగేళ్ల క్రితం ఆస్పత్రి నుంచి కబురు పెట్టినప్పుడు వాడు ఆ గ్లాసు ముందే దొరికాడు. "తాగేసి వస్తున్నానని చెప్పు" అన్నాడట. వచ్చేసరికి వాళ్ల అక్క కళ్లు మూసింది. ఆమె చివరి గంటలో తమ్ముడొచ్చాడా అని మూడుసార్లు అడిగింది. ఆ మూడుసార్లూ అరవై చెవుల్లో అలాగే ఉన్నాయి. వాడికి క్షమాపణ లేదు. ఆ విషయంలో ఆయన ఒక్క మెట్టు కూడా దిగదలుచుకోలేదు.

"పెద్దాస్పత్రి డాక్టరు చిగుళ్లు చూశాడు," అంది ఆమె. "నీలం గీత ఉందన్నాడు. రక్తం తీసి పరీక్ష చేసి, సీసం అన్నాడు. బ్యాటరీల దగ్గర పనా, రంగుల దగ్గరా అని అడిగాడు. సూదీ దారమూ అన్నాను. నీళ్లు పరీక్షకి పంపమన్నాడు, పంపాను. ఏమీ లేదు. ఇంట్లో నలుగురం అవే నీళ్లు తాగుతాం, అదే తిండి తింటాం. మా చేతులు బానే ఉన్నాయి. ఆయన లోపలికి వేరేగా పోయేది ఆ గ్లాసొక్కటే."

"ఆ బీరు నేనే పడతాను పరీక్షకి. మూడు నెలలకోసారి. సీసం లేదు."

"తెలుసు. షాపు గోడ మీద అద్దం బిగించి పెట్టారుగా ఆ కాగితం. కింద మీ సంతకం. సోమవారం బీరు కంపెనీవాళ్లు దాన్నే పట్టుకొస్తారట." ఆమె మెట్టు దిగి ఆగింది. "అంటే ఆ డాక్టరైనా అబద్ధమాడాలి, మీ సంతకమైనా అబద్ధమాడాలి. ఏదో ఒకటి తేల్చండి. మీ బావమరిది కోసం కాదులెండి. ఆయన మొహం చూస్తేనే మీకు ఒళ్లు మంట, నాకు తెలీదా?"

ఆమె వెళ్లిపోయింది. సంతకం అబద్ధమాడడం అనే మాట మాత్రం ఆయన గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

*

గురువారం పదకొండుకి పది నిమిషాలుండగా నమూనాల పెట్టె చేత్తో పట్టుకుని అరవై బీరు షాపు ముందు నిలబడ్డాడు. డాక్టరుది తప్పని తేల్చడమే ఆయన ఉద్దేశం. ఆయన కంటే ముందు అక్కడ ఒక మనిషి ఉన్నాడు. బావమరిది. కుడిచేతిని ఎడమచేత్తో మోస్తున్నాడు.

"ఏం బావా, లైన్లో నా వెనకే నిలబడాలి, తెలుసుగా?"

"నేను తాగడానికి రాలేదు."

"అదే నీ జబ్బు."

కౌంటరావిడ తలుపు తీసింది. ఆమె కూడా షాపంత పాతది. తెల్ల పలకల గోడ, కడిగిన నేల, బెంచీలు, గోడ మీద అద్దంలో ఆయన సంతకం. ఆయన గల్లా దగ్గర సీసా, మూత, దారం, లక్క వరసగా పెట్టుకున్నాడు. కుళాయి సన్నధారగా తిప్పాడు.

"ఒకటి. రెండు. మూడు."

"బావా, ఇవాళ ఎంత దాకా?" అన్నాడు బావమరిది.

ఆయన కుళాయి కట్టలేదు. కానీ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. అరవై దగ్గర సీసా పెట్టాడు, నింపాడు, మూత బిగించాడు, లక్క పోశాడు. తల తిప్పి చూసేసరికి కౌంటరావిడ ధార కింద నుంచి ఒక కూజా తీస్తోంది. దాంట్లోంచి గ్లాసు నింపి బావమరిది ముందు పెట్టింది. వాడు రెండు చేతుల మధ్యా దాన్ని ఒడిసిపట్టుకుని నోటి దాకా తెస్తున్నాడు.

"ఏంటది?"

"మీరు వదిలేసిందే సార్," అంది కౌంటరావిడ. "బంగారంలాంటి బీరు, మోరీలో పొయ్యడానికి మనసెలా వస్తుంది? మీరొచ్చినప్పుడల్లా కింద కూజా పెడతా. మీరు లెక్కలో ఉంటారు, చూసుకోరు."

"నేను రాని రోజుల్లో?"

"తలుపు తియ్యగానే పట్టే మొదటి గ్లాసు. అదీ ఈయనదే. ఇంకెవరికన్నా పోస్తే మూడు రోజులు మాట్లాడడు."

అరవై బావమరిది వైపు చూశాడు. "ఎందుకు?"

"మొదటిది కాస్త తియ్యగా ఉంటుంది బావా. ఓ రెండేళ్ల నుంచి మరీ బావుంది. రెండో గ్లాసులో ఆ రుచి ఉండదు. నీకేం తెలుస్తుందిలే, నోరు తడుపుకున్న పాపాన పోయావా ఎప్పుడైనా?"

ఇరవై ఎనిమిదేళ్లుగా తను జాగ్రత్తగా వదిలేస్తున్నది ఎక్కడికి పోతోందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. తను సీసాలో పడుతున్నది ఎవరూ ముందు తాగని బీరు. ముందు తాగుతున్నది తను పట్టని బీరు.

ఆయన చెయ్యి చాచి గ్లాసు లాక్కున్నాడు.

"ఓయ్! నా గ్లాసు! ఏవమ్మోయ్, పట్టపగలు దోపిడీ!"

"నోర్ముయ్."

గ్లాసులోదీ కూజాలోదీ రెండో సీసాలో పోసి లక్క వేశాడు. తర్వాత గల్లా కింద మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. పీపా నుంచి కుళాయికి పోయే దారిలో ఒక ఇనప పెట్టె. దానిలో మంచు, మంచులో పాములా చుట్టుకున్న గొట్టం.

"ఇదెప్పుడు పెట్టారు?"

"రెండేళ్లయింది సార్. ఊళ్లో షాపులన్నిటికీ కంపెనీయే ఇచ్చింది, బీరు చల్లబడ్డానికి. రాగి గొట్టం, లోపల కళాయి అని చెప్పారు."

"ఎంత పడుతుంది దీన్లో?"

"గ్లాసున్నరో, రెండో. షాపు కట్టేసినా అది అందులోనే ఉంటుంది, మర్నాడు దాకా."

కళాయి అంటే, ఆ తగరం పూత అంటే, ఆయనకి తెలుసు. ఆయన చిన్నప్పుడు వాళ్లమ్మ ఇత్తడి గిన్నెలు పట్టుకుని కళాయివాడి దగ్గర కూర్చునేది. వాడి చేతిలోని కడ్డీ తీసుకుని కాగితం మీద గీసి చూసేది. మంచి తగరం గియ్యదు. సీసం కలిపితే పెన్సిల్లా గీస్తుంది. సీసం చవక, తొందరగా కరుగుతుంది, పనివాడికి సుఖం. పులుపు తగిలితే అది గిన్నె వదిలి తిండిలోకి దిగుతుంది, నాలిక్కి తియ్యగా తగులుతుంది. బీరు పులుపే.

"వినమ్మా," అన్నాడు లేస్తూ. "ఇవాళ్టి నుంచీ పొద్దున తియ్యగానే రెండు గ్లాసులు మోరీలో పొయ్యి. ఎవరికీ ఇవ్వకు. వీడికి అసలే ఇవ్వకు."

"ఆయన ఏడుస్తాడు సార్."

"ఏడవనీ."

*

ల్యాబులో పరీక్షలు చేసే అమ్మాయి ఆయన్ని మావయ్యగారూ అని పిలిచేది. ఆయన వద్దని చెప్పలేదు, ఊఁ అని కూడా అనలేదు. శుక్రవారం పొద్దున ఆమె రెండు కాగితాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"అరవై లెక్కపెట్టి పట్టింది శుభ్రం మావయ్యగారూ. కూజాలోది చూడండి. హద్దుకి ముప్ఫై ఏడు రెట్లు సీసం. మిషన్‌కి పిచ్చెక్కిందేమోనని మూడుసార్లు చేశాను. మిషన్ బానే ఉంది."

కాగితాలు పట్టుకుని ఆయన ఆఫీసరు గదిలోకి వెళ్లాడు. ఆఫీసరు చదివి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివాడు.

"కూజాలోంచి పోశావా? ఇది చెల్లదయ్యా. అరవై లెక్కపెట్టకుండా పట్టింది నమూనాయే కాదు. ఈ మాట ఆఫీసంతటికీ నేర్పింది నువ్వేగా!"

"అది ఎక్కడ రాసుంది సార్?"

"ఎక్కడంటే... పుస్తకంలో ఉంటుంది."

"పుస్తకం ఇప్పించండి."

బీరువా అడుగు నుంచి పుస్తకం వచ్చింది. అరవై చదివింది ఊరిబడిలో. ఉద్యోగంలో చేరిన రోజున పై మనిషి పుస్తకం ఇవ్వలేదు, కుళాయి ఇచ్చాడు. ఇలా తిప్పు, అరవై లెక్కపెట్టు, పట్టు అన్నాడు. ఆయనకి నేర్పినవాడూ పుస్తకం చూసి ఉండడు. చేతి నుంచి చేతికి వచ్చిన పని అది. చేతులు దాన్ని దేవుడి మాటలా మోసుకొచ్చాయి.

ఆయన వరండాలో స్టూలు మీద కూర్చుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. గుమాస్తాలు ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. "అరవైగారు పరీక్షకి చదువుతున్నారోయ్" అన్నాడొకడు. ఆయన పేజీ తిప్పాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు.

నాలుగింటికి దొరికింది. నాలుగో అధ్యాయం సూక్ష్మక్రిముల గురించి. కుళాయి మూతికి అంటుకున్న మురికి సీసాలో పడకుండా అరవై సెకన్లు వదిలి పట్టాలి, అని రాసుంది. ఏడో అధ్యాయం లోహాల గురించి. దాన్లో రెండే వాక్యాలు. గొట్టంలో నిలవ ఉన్నదే ముఖ్యం. తాగేవాడికి అందే మొదటి ధార నుంచే, ఏమీ వదలకుండా, పట్టాలి.

ఆయన ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు చదివాడు. తర్వాత పుస్తకం తెరిచి ఉంచే ఆఫీసరు బల్ల మీద పెట్టాడు.

ఆఫీసరు చదివాడు. ఫ్యాను తిరుగుతోంది. "అంటే ఇన్నేళ్లూ..."

"ఇన్నేళ్లూ తప్పే సార్. క్రిముల లెక్క తీసుకెళ్లి లోహాలకీ అంటించాం. నా తప్పు. మీ తప్పు."

"నాదెలా అవుతుందయ్యా?"

"నా సంతకం కింద మీ సంతకముంది."

ఆఫీసరు గ్లాసెడు మంచినీళ్లు తాగాడు. తాగబోయే ముందు గ్లాసులోకి ఒకసారి చూశాడు. తర్వాత కలం తీసి ఉత్తర్వు రాశాడు: శనివారం ఉదయం, షాపు తెరిచే వేళకి, ఏడో అధ్యాయం ప్రకారం, ఇద్దరు సాక్షుల ముందు.

శనివారం అరవై బావమరిది కంటే ముందే షాపు ముందున్నాడు. సాక్షులుగా పక్క కొట్టు గొడుగుల మనిషీ, ఎదురు కొట్టు తాళాల మనిషీ నిలబడ్డారు. కుళాయి తిప్పాడు. నోటి వరకు వచ్చిన 'ఒకటి'ని మింగేసి సీసా పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లలో లెక్కపెట్టకుండా పట్టిన మొదటి సీసా అది.

*

సోమవారం మార్కెట్ కమిటీ హాలు కిటకిటలాడింది. ఇంకొకరి కొట్టు పోతుందంటే చూడ్డానికి జనానికి ఎప్పుడూ తీరికే. అధ్యక్షుడు మధ్య కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద నల్ల కోటు, చేతులు చాపి, శవంలా పడుకుంది. దర్జీ ఒక మూల, భార్య పక్కన, తల వంచుకుని నిలబడ్డాడు. బీరు కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కాతో, ఒళ్లో గోడ మీది అద్దం ఫ్రేముతో వచ్చాడు.

"కోటు చూశారుగా అందరూ," అన్నాడు అధ్యక్షుడు. "నా చేతులు రెండూ సమానమే. తాగి కత్తెర పట్టుకుంటే ఇలాగే ఉంటుంది. ఇప్పుడేమో బీరులో సీసం అంటున్నాడు. రేపు దారంలో విషం అంటాడు."

కంపెనీ మనిషి లేచి ఫ్రేము పైకెత్తాడు. "ప్రభుత్వ కాగితం. సీసం లేదు. మా బీరు చుక్క చుక్కా ఒకటే. ఈయన తాగుడుకి మా పేరు చెడగొట్టకండి. సంతకం చేసిన పెద్దమనిషి ఇక్కడే ఉన్నారు. సార్, ఇది మీ సంతకమేనా?"

"నాదే," అన్నాడు అరవై.

"ఈ బీరులో సీసం లేదని రాసింది మీరే కదా?"

"నేను పట్టిన బీరులో లేదు. వీడు తాగిన బీరులో ఉంది."

హాలు గుసగుసలాడింది. అరవై మాట పొట్టిగానే చెప్పాడు. గొట్టం, కళాయి, నిలవున్న రెండు గ్లాసులు, తను వదిలేసిన ధార, దాని కింద కూజా. తప్పు ఎవరిదో చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు. "ఇరవై ఎనిమిదేళ్లు తప్పుగా పట్టాను. నన్ను అడగాల్సింది ఆఫీసు అడుగుతుంది. ఇక్కడ అడగాల్సింది ఈ గొట్టాన్ని."

"కథలు!" అన్నాడు కంపెనీ మనిషి. "ఏ కూజాలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? మళ్లీ చెప్తున్నా, మొదటి చుక్కా చివరి చుక్కా మాకు ఒకటే."

అప్పుడు గుమ్మంలో కౌంటరావిడ కనిపించింది. చేతిలో పళ్లెం, దాని మీద నురగతో రెండు గ్లాసులు. జనాన్ని మోచేత్తో తోసుకుంటూ వచ్చి కంపెనీ మనిషి ముందు నిలబడింది.

"ఎండన పడి వచ్చారు సార్, గొంతు ఎండిపోయి ఉంటుంది. ఇప్పుడే షాపు తీసి పట్టా. నిన్న ఆదివారం షాపు కట్టేసే ఉందిగా, ఒకటి శనివారం నుంచి గొట్టంలో ఉన్నది. ఇంకోటి అరవై లెక్కపెట్టాక పట్టింది. చుక్క చుక్కా ఒకటే కదా సార్. ఏదైనా తీసుకోండి."

కంపెనీ మనిషి నవ్వాడు. చెయ్యి చాచాడు. చెయ్యి కుడి గ్లాసు మీదికి వెళ్లింది, ఆగింది. ఎడమ గ్లాసు మీదికి వెళ్లింది, అక్కడా ఆగింది. రెండూ ఒకే రంగు, ఒకే నురగ. ఆయన నుదుటి మీద చెమట పోసింది. హాలంతా ఆ చేతినే చూస్తోంది. అది కూడా గాల్లో వేలాడింది, అచ్చం దర్జీ చెయ్యిలా.

"వీటిలో..." అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మొదటిది ఏది?"

వెనక బెంచీ మీద గొడుగుల మనిషి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ముందుకి పాకి, గోడలకి తగిలి, హాలంతా నిండిపోయింది. దర్జీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. అధ్యక్షుడు బల్ల మీద కొట్టాడు, ఎవరూ వినలేదు. కంపెనీ మనిషి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"నువ్వే చెప్పావుగా అన్నీ ఒకటేనని!" అని ఎవరో అరిచారు. "తాగవయ్యా! తాగు!"

"ఎవరూ తాగొద్దు," అన్నాడు అరవై. రెండు గ్లాసులూ తీసి కిటికీ బయట పారబోశాడు. జేబులోంచి కాగితం తీసి అధ్యక్షుడి ముందు, కోటు మీద పెట్టాడు. "శనివారం సాక్షుల ముందు పట్టింది. ఆఫీసు ముద్ర ఉంది. ముప్ఫై నాలుగు రెట్లు. చదవండి. పైకి చదవండి."

అధ్యక్షుడు చదివాడు. చదవడం అయ్యాక తన కోటు వైపు కొత్త కోటుని చూసినట్టు చూశాడు.

"అయితే ఇది... తాగుడు కాదంటావు."

"విషం పెట్టి తాగుబోతన్నారు. అంతే."

ఆ మాటకి హాలు వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. రిటైరైన రైలు గార్డు. ఎవరినో పిలుస్తున్నట్టు కుడి చెయ్యి చాచాడు. చెయ్యి లేచింది, పంజా లేవలేదు.

"నాది స్టేషన్ పక్క షాపు," అన్నాడు. "రెండేళ్లుగా అక్కడ మొదటి గ్లాసు నాదే. తియ్యగా ఉంటుందని... నా కోడలు నన్ను వరండాలో పడుకోబెడుతోంది బాబూ, తాగుబోతునని."

నవ్వు ఆగిపోయింది. దర్జీ తలెత్తాడు. ఆర్నెల్లలో మొదటిసారి తలెత్తి, తనలాంటి చెయ్యి ఇంకొకటి చూశాడు.

అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. తను అంటించిన కాగితం తనే చింపుతానన్నాడు. "ఇప్పుడే," అంది దర్జీ భార్య. కమిటీ మొత్తం, వెనక జనం, ముందు అధ్యక్షుడు, మూడో వరస దాకా ఊరేగింపులా నడిచారు. ఆయన గోళ్లతో గీకి గీకి కాగితం పీకాడు. ఒక మూల మిగిలిపోయింది. "అదీ," అంది ఆమె. అదీ పీకాడు.

"మరి నా కోటు?"

"కంపెనీ వాళ్లనడగండి," అన్నాడు అరవై.

*

ఆ తర్వాత పది రోజులూ ఊళ్లో నలభై మూడు బీరు షాపులు తలుపు తీసే వేళకి అరవై పంపిన మనుషులు గుమ్మాల్లో ఉన్నారు. ఆఫీసరు గుమాస్తాల్ని కూడా సీసాలిచ్చి తోలాడు. నలభై మూడింటిలో ముప్ఫై ఎనిమిది పెట్టెలు సీసం కక్కాయి. ల్యాబు అమ్మాయి మూడు రోజులు బల్ల మీదే తిని బల్ల మీదే కునుకు తీసింది. కంపెనీ వాళ్లు మొదట కాదన్నారు, తర్వాత చూస్తామన్నారు, చివరికి లారీలు పంపి గొట్టాలన్నీ ఊడబీకారు. ఆఫీసు ముందు పైపుల మేస్త్రి ఒక గొట్టం నిలువునా కోశాడు. అరవై లోపలి పూతని చాకుతో గీకి, ఆ ముక్కతో కంపెనీ పంపిన ఉత్తరం వెనక ఒక గీత గీశాడు. నల్లటి, మెత్తటి గీత. పెన్సిలు కూడా అంత బాగా గియ్యదు. ఫొటో పేపర్లో వచ్చింది. ఫొటోలో గొట్టం పట్టుకుని నవ్వుతున్నది ఆఫీసరు. అరవై భుజం కొంచెం పడింది.

మొదటి గ్లాసు మనుషులు పదకొండు మంది తేలారు. పోస్టుమాను, ఇద్దరు కాపలావాళ్లు, ఒక బడి మాస్టరు, రైలు గార్డు, మిగతావాళ్లు. పదకొండు ఇళ్లల్లో పదకొండు మందిని తాగుబోతులన్నారు. పెద్దాస్పత్రిలో వాళ్లకి ఒకే గదిలో మంచాలు వేశారు. డాక్టరు మందు పెట్టి, నెలల మీద చేతులు తిరిగొస్తాయన్నాడు. రైలు గార్డు కోడలు రోజూ క్యారేజీ పట్టుకుని వచ్చేది. ఆమె మామగారి మొహంలోకి చూడ్డానికి వారం పట్టింది.

అరవై రికార్డు గదిలో కూర్చుని, కుళాయి దగ్గర లోహాల కోసం తను పట్టిన ప్రతి నమూనా కాగితం మీదా ఎర్ర సిరాతో ఒక వాక్యం రాశాడు: ఇది తప్పుగా పట్టినది, దీన్ని నమ్మవద్దు. కింద సంతకం. ఆఫీసరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఎందుకయ్యా, నీ పేరు నువ్వే పాడు చేసుకోవడం?"

"నా పేరు కాబట్టే సార్."

ఆస్పత్రికి ఒక్కసారే వెళ్లాడు. బావమరిది మంచం మీద లేచి కూర్చున్నాడు. మొహంలో రంగు వస్తోంది.

"బావా," అన్నాడు. "అక్క విషయం... ఇంక మనసులోంచి తీసేశావా?"

"లేదు."

"మరి ఇదంతా ఎందుకు చేశావు?"

"అది వేరు. ఇది వేరు. ఆ రోజు నువ్వు రావాల్సింది. రాలేదు. అది అలాగే ఉంటుంది."

"నిజమే," అన్నాడు వాడు. నాలుగేళ్లలో వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది.

ఐదు నెలల తర్వాత ఒక పొద్దున అరవై నమూనాల పెట్టె పట్టుకుని మార్కెట్ మీదుగా పోతున్నాడు. మూడో వరసలో కొట్టు తెరిచి ఉంది. ముందు నలుగురు గుడ్డలు పట్టుకుని వంతు కోసం నిలబడ్డారు. వాళ్ల భుజాల మీదుగా ఎవరో "బావోయ్!" అని కేకేశారు. చూశాడు. బావమరిది కుడి చెయ్యి పైకెత్తాడు. మోచెయ్యి లేచింది, మణికట్టు లేచింది, పంజా నిటారుగా నిలబడి, వేళ్లు ఐదూ విచ్చుకుని, సంత మధ్యలో జెండాలా ఊగింది.

అరవై చెయ్యి ఊపలేదు. ఆయనకి ఊపడం అలవాటు లేదు. పెట్టె కింద పెట్టి, జనం తోసుకుంటూ పోతున్నా కదలకుండా, ఆ చెయ్యి దిగేదాకా దారి మధ్యలో నిలబడి చూశాడు.